కింది ఇల్లు

"బాబూ, మీరు మెట్లెక్కుతరా?"

ఆ మాట అడిగింది వరండా బెంచీ మీద కూర్చున్న నల్ల కళ్లద్దాల పెద్దమనిషి. అడిగించుకున్నది చక్రాల కుర్చీలో ఉన్న సదాశివ.

సదాశివ మొహం పక్కకు తిప్పుకున్నాడు. కుర్చీ వెనక నిలబడ్డ అతని భార్య కల్పలతకు ఒళ్లు మండిపోయింది.

"ఏందయ్యా, మజాకా? కుర్చీల ఉన్న మనిషిని పట్టుకొని మెట్లెక్కుతవా అని అడుగుతున్నవ్?"

"కుర్చీనా?" అంటూ ఆయన చెయ్యి ముందుకు చాపాడు. వేళ్లు చక్రానికి తగిలాయి.

కల్పలత ఆ చెయ్యి విదిలించి కొట్టింది. "దూరంకెల్లి మాట్లాడు!"

పొద్దున్నే లాలాగూడ నుంచి ఈ హౌసింగ్ ఆఫీసుకు ఆటోలో వచ్చారు మొగుడూ పెళ్లాం. సదాశివ గోడలకు రంగులేసేవాడు. పరంజా మీది నుంచి పడ్డాక నడుం కింద స్పర్శ పోయింది. ఆఫీసు భాషలో దివ్యాంగుడయ్యాడు. సర్టిఫికెట్ కోసం క్యాంపుల చుట్టూ, దరఖాస్తు కోసం కౌంటర్ల చుట్టూ కల్పలత ఆ కుర్చీని నెట్టుకుంటూ తిరిగింది. చివరికి డ్రాలో ప్రభుత్వ ఇల్లు వచ్చింది. బస్తీ అంతా అదృష్టవంతులన్నారు.

ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు కోసం గోడల మధ్య జాగా వదిలారు గానీ లిఫ్టు పెట్టలేదు.

పైకి ఎవరో ఒకరు మోసి పెడతారు. ఆ తర్వాత దవాఖానకని, మూలమీది చాయ్ బండి దగ్గరికని, రోజూ అతన్ని ఎవరు దించుతారు? వద్దంటే ఇల్లే పోతుంది. ఇప్పుడున్న అద్దె గదిని ఖాళీ చెయ్యమని ఓనరు ఎప్పుడో చెప్పేశాడు. ఎలాగైనా ఆఫీసరు మేడంను బతిమాలి కింది అంతస్తు అడగాలన్నదే వాళ్ల ఆశ.

"గుస్సా కావద్దమ్మా," అన్నాడు కళ్లద్దాలాయన. "మీకు కింది ఇల్లు కావాల్నా? నా తాన ఉన్నది."

కల్పలత పెదవి విరిచింది. అనుకున్నట్టే దళారి! ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు, ఎప్పుడు చూసినా చెవి దగ్గర ఫోను. వచ్చిపోయేవాళ్లందరినీ ఏ అంతస్తు వచ్చిందని అడుగుతూనే ఉన్నాడు. ఇట్లాంటివాడే దివ్యాంగుల కోటాలో పేరు ఎక్కిస్తానని ఇదివరకు ఆమె చెవి కమ్మలు పట్టుకుపోయాడు.

"పైసలేం వద్దు. మీరు ఊ అంటే సాలు, లోపలికి పోయి..."

"ముందుగాల అందరు గట్లనే అంటరు. మళ్ల గొంతు మీద కూసుంటరు. ఓ సెక్యూరిటీ అన్నా! ఈన జూడు, జెర దూరం తీస్కపో."

"లతా, పెద్దమనిషి. పోనీ ఏమంటడో ఇందాం," అన్నాడు సదాశివ మెల్లగా.

"నువ్వూకో. నీ లెక్క అందరిని నమ్మే గిట్లయినం."

సెక్యూరిటీ వచ్చి, కళ్లద్దాలాయన చెయ్యి పట్టుకుని లేపి, పదిలంగా లోపలికి నడిపించుకుపోయాడు. లైను కూడా లేకుండా!

దళారులకు ఇక్కడ ఎంత మర్యాదో అనుకుంది కల్పలత.

కాసేపటికి ఆయన వెనక తలుపు గుండా వెళ్లిపోయాడో ఏమో, మళ్లీ కనిపించలేదు. పీడ వదిలిందనుకుంది.

మధ్యాహ్నం దాటాక వీళ్ల పేరు పిలిచారు. ఆఫీసరు శ్రీలేఖ కుర్చీలోని మనిషిని చూసింది, కాగితాన్ని చూసింది, నిట్టూర్చింది.

"మూడో అంతస్తు వచ్చిందా మీకు?"

"మీ కాళ్లు మొక్కుత మేడం, కింద ఇప్పియ్యుండ్రి," అంది కల్పలత.

"నా చేతిలో లేదమ్మా. కింద ఇళ్లు తక్కువ, కోటాలో వాళ్లు ఎక్కువ. అందుకే డ్రా తీశారు. ఒక్కటే దారుంది. కింద వచ్చినవాళ్లెవరైనా ఒప్పుకుంటే మార్చుకోవచ్చు. ఇద్దరూ వచ్చి నా ముందు సంతకం పెట్టాలి. దానికి ఇవాళే ఆఖరు."

"మాకు ఎవలిస్తరు మేడం?"

"ఒకాయన ఇస్తానని పొద్దున్నుంచీ కూర్చున్నాడు. మేం ఎవరి పేరూ చెప్పకూడదు, మీరే మాట్లాడుకోవాలి. మీకెవరూ చెప్పలేదా?"

కల్పలత మొహం వెలిగింది. "యాడున్నడు మేడం? ఇప్పుడే పోయి కాళ్లు వట్టుకుంట!"

"వెళ్లిపోయాడమ్మా. ఎవరికీ అక్కర్లేదట, ఒకావిడ కసిరి కూడా కొట్టిందట. సరే నా ఇల్లు నాకే ఇవ్వండని సంతకం పెట్టి తాళం తీసుకున్నాడు. తాళం తీసుకుంటే ఇక మార్పిడి కుదరదు."

సదాశివ కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"నల్లద్దాలు పెట్టుకున్నాయనేనా?" అడిగాడు సదాశివ.

"ఆయనే. నతానియేల్ గారని, తిరుమలగిరి నుంచి వచ్చాడు."

సదాశివ పెన్ను అందుకుని మూడో అంతస్తుకు ఎదురుగా సంతకం చేశాడు. కల్పలత అతని భుజం పట్టుకుని నిలబడింది.

"కింద ఇల్లు వచ్చినోడు ఎందుకు ఇడుస్తుండె మేడం?" అంది. "ఆయనకేం లాభం?"

శ్రీలేఖ మూడో అంతస్తు తాళం బల్ల మీద పెట్టింది.

"లాభమేముంది? నాకు ఏ అంతస్తయినా ఒకటే, మెట్లెక్కలేని మనిషెవరికైనా ఇచ్చేస్తానని గొంతు వినబడ్డ ప్రతివాళ్లనీ అడిగాడు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదమ్మా."