ముందుగాల పేరు, ఊరు

అఖిలను ఠాణాకు పిలిపించిన ఎస్సై తన ఫోను బల్ల మీద పెట్టి, "గీ ముచ్చట మీరు తీసిందే గదా?" అని అడిగాడు.

అఖిల కాదనలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం గురించి జనం నోటనే వినాలని ఏడాదిగా ఆమె, జైపాల్ కలిసి వారానికో ముచ్చట రికార్డు చేస్తున్నారు. కోరుట్లలో అతని సెల్ షాపులో మెమరీ కార్డులకు ఎక్కిస్తే, జగిత్యాలలో బీడీలు చుట్టే ఆడవాళ్ల దాకా చేరేది.

మాట్లాడేవాళ్లు బెదరకుండా జైపాల్ ఒక పద్ధతి పెట్టాడు. "ముందుగాల పేరు, ఊరు చెప్పుర్రి. గొంతు సాఫయితది, భయం పోతది" అనేవాడు. ఆ ముక్కను బయటికి వదిలే ముందు అఖిల తన చేత్తోనే కోసేసేది.

"మా ముచ్చట్లల్ల ఎవ్వరి పేర్లు ఉండయి సార్" అంది ధైర్యంగా.

ఎస్సై మీట నొక్కాడు. రాస్తారోకోలో టైర్లు కాల్చిన, సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే కార్మికుడు ఫోనులో తన పేరు, తండ్రి పేరు, వాడ పేరు వరుసగా చెప్పాడు. అతన్ని ఆ పొద్దున్నే పట్టుకొచ్చారు.

కోయని రికార్డింగు జైపాల్ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. షాపు మీద పడి అతన్ని కొట్టారేమో అనుకుంది అఖిల.

"జైపాలన్నను ఏం జేసిన్రు సార్?"

"జైపాల్‌కేమైతది? షాపుల చాయ్ తాగుతున్నడు."

ఎస్సై తెల్లకాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు.

"ముందుగాల పేరు, ఊరు చెప్పమ్మా" అన్నాడు మెల్లగా. "గొంతు సాఫయితది, భయం పోతది."