గడ్డకట్టిన సిరా

“పెన్ను విప్పేశారా?”

దుకాణంలో అడుగు పెడుతూనే అడిగాడు గుమస్తా. ఊపిరి అందడం లేదు.

పెన్నుల డాక్టరు తలెత్తలేదు. ముప్పై ఏళ్ళుగా పెన్నులు అమ్మీ, బాగుచేసీ సంపాదించుకున్న పేరది. పరుగెత్తుకొచ్చిన మనిషిని కాసేపు ఊరికే నిలబెడితే నిజం దానంతటదే బయటికొస్తుందని ఆయన లెక్క.

“విప్పాను. పొద్దున మీ ఆవిడే తెచ్చిచ్చింది. కడిగి, రోజూ రాస్తున్న పెన్నో కాదో చెప్పమంది. అయిదింటికి వస్తుంది.”

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. గుమస్తా స్టూలు మీద కూలబడ్డాడు.

“ఏం చెబుతారు?”

“ఉన్నదే చెబుతాను. రోజూ రాసే పెన్నులో సిరా కదులుతూ ఉంటుంది. పదిహేను రోజులకోసారి మంచినీళ్ళతో కడిగితే చాలు. ఇదేమో పాళీ కింద రాయిలా గడ్డకట్టింది. నెలల తరబడి దీంతో ఒక్క ముక్క రాయలేదు మీరు.”

“ఉద్యోగం పోయి నాలుగు నెలలైందండీ. దస్తావేజులన్నీ కంప్యూటరే రాస్తోందిప్పుడు. ఆ రోజు మూత పెట్టాను, మళ్ళీ తియ్యలేదు. పొద్దున్నే జేబుకి తగిలించుకుని బయల్దేరతాను. సాయంత్రం దాకా లైబ్రరీలో కూర్చుంటాను. ఇవాళ పెన్ను కనబడక ఇందాక ఇంటికి ఫోన్ చేస్తే, మీకిచ్చానంది.”

“ఇంట్లో చెప్పేస్తే పోలా?”

“ఉద్యోగం పోతే సర్దుకుంటుందండీ. అబద్ధమాడితే మాత్రం ఆ పూటే పుట్టింటికి పోతానని పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. అన్నంత పనీ చేసే రకం. వారం నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, ఏదో వాసన పట్టింది. సోమవారం కొత్తచోట చేరుతున్నాను. ఈ మూడు రోజులూ గట్టెక్కించండి, మీకు పుణ్యముంటుంది.”

“పుణ్యం నా దగ్గర చెల్లదులెండి,” అంటూ డాక్టరు గడియారం వైపు చూశాడు.

ఒకవైపు తన మాట. ఇన్నేళ్ళలో దానికి మచ్చ పడలేదు. మరోవైపు ఒక సంసారం. సోమవారం దాటితే ఈ అబద్ధంతో ఎవరికీ పనుండదు. గిట్టుబాటు బేరమే అనిపించింది.

“ఇంకెప్పుడూ అడక్కండి.”

గోరువెచ్చని నీళ్ళలో పాళీ నానబెట్టి, రబ్బరు బుడ్డితో గట్టిగా చిమ్మాడు. సిరా పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. మూడోసారికి నీళ్ళు తేరాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, బిగించి, కొత్త సిరా నింపి, గుమస్తా చేత రెండు పేజీలు బరికించాడు. నీలం నీళ్ళు తూములో పారబోశాడు. నాలుగు నెలల ఆనవాలు చుక్క కూడా మిగల్లేదు.

గుమస్తా వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. ముందు గుమ్మంలోంచి ఆవిడ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“చూశారా బాబాయ్‌గారూ?”

“చూశానమ్మా. బ్రహ్మాండంగా ఉంది.”

“అది కాదు. దీంతో రాస్తున్నారా, లేదా?”

“రోజూ రాస్తున్నారు.”

“బాగా చూసే చెబుతున్నారా? ఈ నాలుగు నెలలూ?”

“ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను తల్లీ!” బేరం కుదిరిన ఊపులో డాక్టరు కొసరు కూడా వేశాడు. “ఒక్క రోజు ఖాళీ ఇచ్చిన పెన్ను కాదిది.”

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

“మూలన పడి ఉందంటారేమోనని ఎంత ఆశపడ్డానో.”

డాక్టరు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఆవిడ సంచిలోంచి నాలుగు కవర్లు తీసి బల్ల మీద పరిచింది. దేని మీదా పంపినవాళ్ళ పేరు లేదు.

“నా నడత మంచిది కాదని మా ఆఫీసుకి నెలకొకటి వస్తున్నాయి. దస్తూరీ మార్చారు గానీ, పాళీ ఇలాంటిదే.”

పెన్ను అందుకుని, మూత బిగించింది.

“అయితే ఈ ఆకాశరామన్న మా ఆయనే.”