అలకకు ఆరు రంగులు

"చెయ్యి ఇలా ఇయ్యమ్మా, కొరికెయ్యనులే," అంది బిందుమాధవి.

సరోజిని ఇవ్వలేదు. కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఇంతమాత్రం బెట్టుకి లొంగిపోతే బిందు ఆ తల్లికి కూతురెలా అవుతుంది? తనే ఆమె కుడిచేతిని ఎత్తి ఒళ్ళో తువ్వాలు మీద పెట్టుకుంది. పక్కన స్టూలు మీద ఆరు గోళ్ళరంగు సీసాలు నిలబెట్టింది.

అవి ఆషామాషీ సీసాలు కావు. పారిస్ కంపెనీవి. శంకర్ నగర్ ఆడవాళ్ళు అద్దాల్లోంచి చూసి నిట్టూర్చి పోయే రకం. మాల్లో ఆ కంపెనీ కౌంటర్లో బిందు కొత్తగా చేరింది. వచ్చేవారం 'ఆటమ్ కలెక్షన్' అమ్మకానికి పెడతారు. ఏ చేతికి ఏది నప్పుతుందో ఇంట్లో వేసి చూసి రమ్మని మేనేజరమ్మ ఈ టెస్టర్లు ఇచ్చింది. ఆటమ్ అంటే ఆకురాలు కాలమట. రాయపూర్‌లో ఎండలు, వానలు, పెళ్ళిళ్ళు తప్ప ఇంకో కాలం ఉందని బిందుకి అప్పుడే తెలిసింది.

ఆ ఉద్యోగమే కొంప ముంచింది. సరోజిని శ్రీకాకుళం నుంచి కొత్త కోడలిగా వచ్చి, హిందీ ముక్క రాకుండానే ఇంటి ముందుగదిలో బ్యూటీ పార్లర్ పెట్టిన మనిషి. తన తర్వాత ఆ కుర్చీ దగ్గర కూతురు నిలబడుతుందని ఆశపడింది. ఆ కూతురు మాల్లో చేరతానంటే వంటింట్లో రభస అయిపోయింది.

"సొంత షాపు ఒగ్గేసి పరాయోడి కొట్లో నిలబడతావేటే? పో! ఇంక నీకూ నాకూ మాటల్లేవు," అంది సరోజిని.

అన్నట్టే అయింది. ఆ రోజు దించిన పార్లర్ షట్టర్ మళ్ళీ లేవలేదు. సరోజిని నోరు విప్పలేదు. పగలంతా కౌంటర్లో నవ్వుతూ నిలబడినా బిందు మనసులో ఒకటే దిగులు. తిట్టనీ, శాపనార్థాలు పెట్టనీ, అమ్మ నోట ఒక్క మాట వినాలి. అంతకన్నా తనకేమీ అక్కర్లేదు.

"ఇది చూడు. బర్గండీ అట. మన నేరేడుపండే, పేరు మార్చుకుంది," అంటూ చూపుడువేలికి వేసింది.

సరోజిని చూడలేదు.

"అచ్ఛా, ఇది? నాచురంగు. దీనికి పారిస్ దాకా పోవాలా? బూఢా తాలాబ్ చెరువు మెట్లు గోకితే బోలెడు!"

ఊహూఁ. నవ్వలేదు సరికదా, కనురెప్ప కూడా కదపలేదు.

దానయ్య చారన్నం మెత్తగా కలిపి కంచంతో వచ్చాడు. భన్‌పురి రోలింగ్ మిల్లులో రోజంతా కేకలేసే మనిషి, ఇంట్లో మాత్రం గొంతు పెంచడు.

"ఏటి, మహారాణీగారు పలికారా?"

"ఎక్కడ నాన్నా! చూడనైనా చూడ్డం లేదు."

"జిద్దు మనిషి తల్లీ మీ అమ్మ. మా ఫర్నేసు చల్లారినా ఈవిడ దిగిరాదు."

ఆయన పక్కన కూర్చుని ఒక్కొక్క ముద్దే నోటికందించాడు. పెళ్ళైన కొత్తలో కూడా ఇంత గారాబం చెయ్యలేదని తనమీద తనే వేళాకోళమాడుకున్నాడు. సరోజిని నాలుగు ముద్దలు తిని మొహం తిప్పేసుకుంది.

"ఇవాళ్టికి ఒగ్గెయ్యమ్మా," అన్నాడు దానయ్య లేస్తూ.

"ఒగ్గను నాన్నా. బతిమాలితే పలకట్లేదుగా. ఇప్పుడు చూడు."

బిందు నారింజరంగు సీసా మూత తీసింది. పార్లర్‌లో సరోజిని శాసనం ఒకటుంది. రంగు పడేముందు గోటికి రంగులేని బేస్ కోటు పడి తీరాలి, లేదంటే గోరు పసుపెక్కిపోతుంది. ఆ సంగతి మరిచిపోయి చిన్నప్పుడు బిందు దువ్వెన దెబ్బలు కూడా తింది. ఇంతసేపూ ఆ పద్ధతే పాటించిన బిందు ఇప్పుడు కావాలనే బొటనవేలి ఉట్టి గోటి మీద చిక్కగా పులిమింది. రంగు గోరు దాటి చర్మం మీదికి పాకింది. ఆరనివ్వకుండానే ఇంకో పూత పూసి, పైగా ఉఫ్ ఉఫ్‌మని ఊదింది.

"రేపట్నుంచి నీ షట్టర్ నేనే ఎత్తుతానమ్మా. పొద్దున్న పార్లరు, మధ్యాహ్నం మాలు. నీ కస్టమర్లందరికీ ఇలాగే పూస్తా. ఎవరైనా అడిగితే సరోజినిగారు నేర్పిన పద్ధతే అని చెప్తా. బస్!"

సరోజిని తల ఇటు తిరిగింది. పాడైపోయిన బొటనవేలిని చూసింది. కూతుర్ని చూసింది. బిందు ఏమీ ఎరగనట్టు ఇంకో ఉట్టి గోటి మీద బ్రష్షు ఆనించింది. సరోజిని పెదవులు వణికాయి. ఎడమచెయ్యి విసురుగా వచ్చి బ్రష్షుని కొట్టింది.

"బేస్... కోటేదే... మొద్దు!"

బ్రష్షు ఎక్కడ పడిందో బిందు చూసుకోలేదు. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, ఏడుస్తూ నవ్వుతూ కేక పెట్టింది.

"నాన్నా! తిట్టింది నాన్నా! అమ్మ నన్ను తిట్టింది!"

దానయ్య తడిచేతులతో పరిగెత్తుకొచ్చాడు. "ఏటంది? ఏటంది?"

"మొద్దు అంది!"

ఆయన అక్కడే నేలమీద కూలబడి భార్య పాదాలు పట్టుకున్నాడు. "ఇంకోసారి తిట్టవే సరోజా. నన్నైనా తిట్టు, నీకు పుణ్యముంటుంది," అన్నాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

ఒక్క తిట్టుకి ఇంత సంబరమేమిటని వీధిలో కూరగాయలావిడ బండి ఆపి మరీ తొంగిచూసింది.

గొడవైన ఆ రాత్రి పక్షవాతం వచ్చాక సరోజిని పలికిన మొదటి మాట అది.