ఐర్లండు పేరు

"పిల్లకు ఐర్లండు పేరే పెట్టాల. దాంట్లో ఇంక మాట లేదు," అన్నాడు సౌందరరాజన్, వెండి పళ్ళెంలో బియ్యం పరుస్తూ.

ముహూర్తం ముంచుకొస్తోంది. తిరుచానూరులో ఆ ఇంటి ముందు షామియానా వేశారు, చుట్టాలంతా దిగిపోయారు, ఉయ్యాలకు మల్లెపూలు కట్టారు. బియ్యంలో పేరు తండ్రి రాయాలి, చెవిలో మూడుసార్లు తాత చెప్పాలి. అది ఆ ఇంటి ఆచారం. రాసేవాడు సిద్ధం, చెప్పేవాడు సిద్ధం, పేరొక్కటే ఇంకా తేలలేదు. ఆ గొడవతో తనకేమీ సంబంధం లేనట్టు పాప గుప్పిళ్ళు బిగించి నిద్రపోతోంది.

అల్లుడు కీరన్ ఐర్లండు వాడు. తడ దగ్గర ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చి వకుళను ఇష్టపడ్డాడు. పంచె కట్టుకుని, పొగలో కళ్ళు మండుతున్నా కిమ్మనకుండా, పెళ్ళంతా మన పద్ధతిలోనే చేసుకున్నాడు. ఆ ముచ్చటకు మురిసిపోయి, పుట్టే బిడ్డకు పేరు మాత్రం మీ పద్ధతిలోనే పెడదామని సౌందరరాజన్ ఆనాడే మాటిచ్చేశాడు. దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మాటంటే మాటే.

ఆ మాట ఆయన భార్య అమృతవల్లికి మింగుడుపడలేదు. మనవరాలికి తన పేరు పెడితే చూసుకోవాలని ఆమె ఆశ. అదేం గొంతెమ్మ కోరికా కాదు. పెళ్ళయిన నాటినుంచీ మొగుడు ఆమెను "ఇదో" అని పిలుస్తాడే తప్ప, పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. వీధిలో వాళ్ళకు ఆమె వకుళ వాళ్ళమ్మ. రేషన్ షాపులో తప్ప ఆ పేరు ఎవరి నోటా వినబడదు. కన్నవాళ్ళు అంత ముచ్చటపడి అంత పొడుగు పేరు పెట్టి ఏం లాభం?

ఇంతకీ ఐర్లండు పేరంటే ఏ పేరని పక్కింటి రాఘవమ్మ అడిగింది. అంతే, ఇల్లు సంతయిపోయింది. తలా ఒక సెల్ ఫోను తీసి, వెతికి, గదికొకరు ఒక పేరు కేకేశారు. అందులో ఒకటి పలకబోయి వకుళ పిన్నికి కట్టుడు పళ్ళు ఊడినంత పనయింది. అల్లుడు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సౌందరరాజన్ చెయ్యెత్తాడు. "మనలో తొలి ఆడబిడ్డకు నాయనమ్మ పేరు పెడతాం. పాపకు నాయనమ్మ ఈడనే ఉండాది. ఆమె పేరు నోరా. ఐర్లండు పేరూ అయింది, మన పద్ధతీ అయింది."

అందరికీ ప్రాణం లేచివచ్చింది. 'నోరా, వీపుకు తేకే' అనే సామెత ఉన్న ఊళ్ళో ఆ పేరు పెడితే, పిల్లను ముద్దుగా పిలిచినా తిట్టినట్టే ఉంటుందని రాఘవమ్మ బుగ్గలు నొక్కుకుంది గానీ, ఆమె మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

అమృతవల్లి చక్కెర పొంగలి కలపాలని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకే వచ్చిన కూతురితో గరిటె ఆపకుండానే అంది.

"నీకు మీ నాయనమ్మ పేరు పెడితిరి. దీనికి దీని నాయనమ్మ పేరు. నా పేరు నాతోనే పోతాదిలే."

తల్లి కళ్ళు తుడుచుకుని, పొగ వచ్చిందంది. అది గ్యాసు పొయ్యి.

హాల్లో నోరా కుర్చీలో బిగుసుకుని కూర్చునుంది. ముందురోజే విమానం దిగింది. కంచి పట్టుచీర కట్టారు, కదిలితే ఊడిపోతుందేమోనని ఆమె భయం. తన పేరు నాలుగైదుసార్లు వినబడేసరికి కొడుకును పిలిచి సంగతేమిటని అడిగింది. అతను చెప్పగానే ససేమిరా అని తల అడ్డంగా ఊపి, చీర సంగతే మరిచి లేచి నిలబడి, అతని చెవిలో గబగబా ఏదో చెప్పింది. కీరన్ ముఖం వెలిగిపోయింది. వంటింటి గుమ్మం దాకా ఒక్క పరుగున పోయి వకుళను ఇవతలికి పిలిచి గుసగుసలాడాడు. వకుళ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇద్దరూ వచ్చి పీటల మీద కూర్చున్నారు.

కీరన్ ఉంగరం అందుకున్నాడు. తెలుగు అక్షరాలు అతను బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాడు. నాలుక బయటపెట్టి, ఒక్కొక్కటే గీస్తుంటే చుట్టాలంతా మీద పడి చూశారు. మొదటి అక్షరం 'నో' కాదు. రెండోదీ 'రా' కాదు. పేరు పూర్తయ్యేసరికి పళ్ళెం ఈ కొసనుంచి ఆ కొస దాకా నిండిపోయింది.

సౌందరరాజన్ కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివాడు. "ఇదేందప్పా అల్లుడూ. ఐర్లండు పేరు కదా పెట్టాల్సింది?"

"ఇదే ఐర్లండు పేరు మామా. మా పెద్దోళ్ళ పద్ధతిలో తొలి ఆడబిడ్డకు అమ్మమ్మ పేరే పెట్టాల. నాయనమ్మ పేరు రెండో బిడ్డకు. ఇంకో పేరయితే మా అమ్మ ఒప్పుకోదు."

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. వంటింటి గుమ్మంలో అమృతవల్లి గరిటెతో అట్లాగే నిలబడిపోయింది. ఇచ్చిన మాట ఇచ్చినట్టే జరిగింది కాబట్టి సౌందరరాజన్‌కు వంక పెట్టడానికేమీ దొరకలేదు. ఇక చెవిలో పేరు చెప్పడమే మిగిలింది. ఆయన ఉయ్యాల మీదికి వంగాడు, నోరు తెరిచాడు, మూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కానీయ్ సామీ, ముహూర్తం దాటిపోతాది," అంది రాఘవమ్మ, నవ్వు దాచుకోకుండా.

మొదటిసారి చెప్పింది పాపకైనా వినబడిందో లేదో. రెండోసారి ఉయ్యాల పక్కనున్న వాళ్ళకు వినబడింది. మూడోసారి ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, ఇల్లంతా వినబడేటట్టు పిలిచాడు.

"అమృతవల్లీ."

పాప కదల్లేదు గానీ, వంటింటి గుమ్మంలోంచి "వస్తున్నానండీ" అని వినబడింది.