బల్ల మీది గొంతు

"గోడకి ఆనించకక్కా. కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది," అన్నాడు ఆమె తమ్ముడు.

ఆమె ప్రూఫులు దిద్దుకునే బల్ల మీద జానెడేసి స్పీకర్లు రెండు. వాటిని గోడ నుంచి ముందుకు లాగాడు. అడుగున రబ్బరు ముక్కలు పెట్టి, మూతులు కాస్త పైకెత్తి, ఆమె చెవుల వైపు తిప్పాడు. టేపుతో కొలిచాడు.

"ఈ రెండిటి మధ్యా ఎంత దూరముందో, నీ తలకీ వీటికీ అంతే ఉండాలి. అప్పుడు గొంతు సరిగ్గా మధ్యలోంచి వస్తుంది. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే."

ఆమె ఫోను నొక్కింది. మగగొంతు. కంచు మోగినట్టుంది. గదిలోకి ఇంకో మనిషి వచ్చి కూర్చున్నట్టయింది.

"అబ్బ! ఏం గొంతక్కా!" అన్నవాడల్లా గుమ్మంలో బావని చూసి నాలుక కరుచుకున్నాడు.

బావ ఒక్క క్షణం నిలబడ్డాడు. మెడకి మఫ్లర్ సర్దుకుని, ముందుగదిలో తను బాగుచేసే గడియారాల దగ్గరికి వెళ్ళిపోయాడు. కంటికి అద్దం బిగించాడు గానీ, విప్పిన గడియారాన్నే మళ్ళీ మూసేశాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం టీ అవగానే ఆమె ఆ కుర్చీలో చేరేది. తలుపు ఓరవాకిలిగా వేసుకునేది. లోపల ఆ గొంతు ఏదో అనేది. ఈమె కిలకిలా నవ్వేది. ఒక్కోసారి "ఊఁ, సరేలెండి" అని బదులు కూడా చెప్పేది.

ముందుగదిలో అతనికి ఒళ్ళు మండిపోయేది. తనకేమో "మందేసుకున్నారా?" అని ఒక్క ముక్క. నవ్వంతా ఆ గొంతుకి! పోనీ పోటీ పడదామా అంటే, దాని ముందు తనెంత?

ఓ రోజు ఆమె కూరలకి వెళ్ళగానే ఎడమ స్పీకరుని రెండు వేళ్ళు వెనక్కి జరిపాడు. గడియారాలవాడి చెయ్యి కదా, తేడా కంటికి దొరకదు. చెవికి దొరికింది. సాయంత్రం ఆ గొంతు ఓ పక్కకి ఒరిగిపోయింది. ఆమె టేపు తెచ్చి సరిచేసుకుంది.

తర్వాతి రోజు కుడిదాన్ని జరిపాడు. ఆమె మళ్ళీ కొలుచుకుంది.

మూడో రోజు రెండిటినీ గోడ మూలకి నెట్టి పారేశాడు.

ఆమె ఈసారి టేపు తేలేదు. వచ్చి అతని ఎదుట నిలబడింది.

"మీరే కదూ?"

అతను గడియారం మీదికి ఇంకాస్త వంగాడు.

"ఎందుకండీ ఇంత కుళ్ళు?"

దిగ్గున లేచాడు. లోపలి గది వైపు వేలు చూపించి, ఆ చేత్తోనే తన గుండెల మీద దబదబా కొట్టుకున్నాడు. అదా, నేనా? తేల్చుకో!

ఆమె కళ్ళు నిండాయి. అతని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. స్పీకర్లు ముందుకి లాగింది. అతన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడి భుజాలు పట్టుకుంది.

"కదలకండి. సరిగ్గా మధ్యలో ఉండాలి."

ఫోను నొక్కింది.

"ఏమోయ్, తిన్నావా? నాకోసం కూర్చోకు. దార్లోనే ఉన్నా," అంది ఆ గొంతు, అతని మొహానికి సరిగ్గా ఎదురుగా.

డాక్టర్లు స్వరపేటిక తీసేసిన రెండేళ్ళకి, ఒకప్పుడు ఆమెకి ఫోనులో పంపిన తన మాట తను విన్నాడు.