త్వరదారి తలుపు

మనుషులు మనుషుల్ని నమ్మడం మానేశాక, ఆ పనిని విమానాశ్రయంలో ఒక తలుపుకు అప్పజెప్పారు. ముందే పేరు రాయించుకున్న పెద్దవాళ్లు పన్నెండేళ్లలోపు పిల్లలతో త్వరదారిలో వెళ్లిపోవచ్చు. సంచి తెరవక్కర్లేదు, చెప్పులు విప్పక్కర్లేదు. తలుపు పిల్లల్ని మాత్రం ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు ఏదైనా సరే, గొంతులో బెదురుంటే ఎర్రదీపం వెలుగుతుంది. పిల్లను వేరే గదికి తీసుకెళ్లిపోతారు.

పైడి నా భార్యకు మొదటి పెళ్లి బిడ్డ. ఏడేళ్లు. మా ఇంటికొచ్చి ఏడాదైనా నన్ను ఏ వరసా పెట్టి పిలవలేదు. ఢిల్లీకి నర్సు పనికెళ్లిన వాళ్లమ్మ దగ్గరికి దాన్ని తీసుకెళ్తున్నాను.

"మామూలు లైనులో పోదాం. రెండు గంటలేగా," అన్నాను.

"కాళ్లు నొప్పెడతాయి. ఇటే పోదాం," అంది.

తలుపు ముందు నిలబడ్డాం. "నీ చెయ్యి పట్టుకున్నాయన ఎవరమ్మా?" అని అడిగింది తలుపు.

పైడి నా ముఖంలోకి చూసి ఆలోచనలో పడింది. వెనక జనమంతా చూస్తున్నారు. ఎర్రదీపం వెలిగితే చూడలేనని నేను తల దించుకున్నాను.

"నాకు జడేస్తాడు," అంది చివరికి. "సరిగ్గా రాదు, పక్కకెల్లిపోద్ది. అమ్మ దగ్గరికెల్లినా ఈయనే ఏస్తాడు."

పచ్చదీపం వెలిగింది.

"ఏటి బావూ, కదలండి. లైను ఆగిపోనాది," అన్నాడు కాపలాయన.

నేనింకా ఆ పచ్చదీపాన్నే చూస్తున్నాను. పైడే నన్ను చెయ్యి పట్టుకుని అవతలికి లాక్కెళ్లింది.