కొండ తినని మామిడి

దేశంలో శిఖరాలన్నిటికీ సర్కారు మనుషులకున్నట్టే హక్కులిచ్చి, వాటి తరఫున మాట్లాడే మరలు బిగించాక వచ్చిన తొలి మామిడి కొత్తల పండగ అది. కొండకు మొదటి పండు పెట్టందే దొయిమతి ఊళ్లో ఎవరూ మామిడి కొరకరు. అందుకే బుట్ట మోస్తున్న కోడలు సుకాంతిని వెంటబెట్టుకుని ఆమె కొండెక్కింది.

శిఖరం కింద మర బిగించిన ఇనప స్తంభం గొంతు విప్పింది. “నేను కొండను. నా మీదికి రావద్దు. వెనక్కి వెళ్లండి.”

“నీకే తెచ్చినాం. ముందు తిను, అరుద్దువు గాని,” అంటూ దొయిమతి పండును రాతి మీద పెట్టింది.

“ఇది చెత్త. తొలగిస్తున్నాను.”

డ్రోన్ ఒకటి గద్దలా వాలి, పండును ఎత్తుకెళ్లి లోయలోకి విసిరేసింది.

సుకాంతి అత్త చెయ్యి పట్టుకుని లాగింది. “ఎలిపోదాం అత్తా! కొండకి కోపమొచ్చినాది.”

దొయిమతి కదల్లేదు. బుట్టలోంచి ఇంకో పండు తీసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కొండకు పెట్టకుండా తానే కొరికింది. రసం మోచేతి దాకా కారుతుండగా టెంక చీకి, స్తంభం మొహాన ఉమ్మింది.

తర్వాత కోడలి చేతిలో పండు పెట్టింది.

“తినీ పిల్లా. ఈ కొండకీ మనకీ సుట్టరికం తెగిపోనాది.”